సార్ మాకు ఇచ్చిపోయిన ఫైలు



సార్ పోయి ఈ సంక్రాంతికి ఏడాది నిండింది. ఆయన గురించి రాయాలని అప్పుడే అనుకున్నాం. ఆరుగురం కూర్చున్నాం. ఒక్క వాక్యం కూడా కుదరలేదు. ఏం రాసినా ఆయన ఎర్రపెన్ను గుర్తొచ్చేది. 'మహానుభావుడు' అని రాస్తే కొట్టేసేవారు. "ఏం చేశాడో రాయండ్రా. మహానుభావుడో కాదో చదివినోళ్లు తేల్చుకుంటారు" అనేవారు. అందుకే ఆయన ఏం చేశారో రాస్తున్నాం. ఆయన చేసిన తప్పు కూడా రాస్తున్నాం. అది రాయకపోతే మిగతాది అర్థం కాదు.

పేర్లు రాయడం లేదు. తప్పిపోయిన మనిషి వాళ్ల అమ్మ, మేమంతా అవ్వా అని పిలిచే ఆమె, వద్దంది. ఆమె మాటే మాకు మాట.

మేము ఆరుగురం. నలుగురం వేటపాలెం పక్కన యానాది కాలనీల వాళ్లం, ఇద్దరం స్టూవర్టుపురం ఎరుకల వాళ్లం. సార్ మా కులం కాదు. చేనేత కుటుంబం. మగ్గం మానేసి జెరాక్సు షాపు పెట్టుకున్నారు, దాంతోపాటు ఒక పత్రికకి విలేకరిగా చేసేవారు. విలేకరి అంటే జీతమూ, కారూ అనుకునేరు. అచ్చయిన వార్తని స్కేలు పెట్టి కొలిచి, సెంటీమీటర్ల లెక్కన డబ్బులు ఇచ్చేవాళ్లు. నెల తిరిగేసరికి వచ్చేది బండి పెట్రోలుకి కూడా చాలేది కాదు. ఇంట్లో మేడమ్ గారు "ఆ పేపరోళ్లకి నువ్వే ఎదురిస్తన్నావు" అని నవ్వేది.

మాకు ఆయన షాపులోనే పరిచయం. స్కాలర్‌షిప్పు కోసం కుల ధ్రువీకరణ పత్రం జెరాక్సులు తీయించుకోడానికి పోయాం. మా అప్లికేషన్ చదివి, "ఇందులో మూడు తప్పులున్నాయి. ఇట్లా పెడితే తిప్పి కొడతారు" అని అక్కడే స్టూలు మీద కూర్చోబెట్టి మళ్లీ రాయించారు. ఆ తరవాత ఆదివారం సారస్వత నికేతనానికి రమ్మన్నారు.

వేటపాలెం వాళ్లకి ఆ లైబ్రరీ గురించి చెప్పక్కర్లేదు. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాం. 1918లో పెట్టింది. 1929లో గాంధీ గారు వచ్చి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడుంది. పాత తెలుగు పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. మేము పుట్టింది దాని పక్కనే, పద్దెనిమిదేళ్లొచ్చే దాకా లోపలికి అడుగుపెట్టలేదు. ఎవరూ ఆపలేదు. అది మనది కాదు అనుకున్నాం, అంతే. మొదటి ఆదివారం మాలో ఒకమ్మాయి చెప్పులు గేటు బయటే విడిచొచ్చింది. సార్ చూసి ఏమీ అనకుండా వెళ్లి ఆ చెప్పులు చేత్తో పట్టుకొచ్చి, అందరి చెప్పులూ ఉన్న చోట పెట్టారు.

అక్కడే వార్త రాయడం నేర్పారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా. ఈ ఆరూ ఎవరైనా చెప్తారు. ఆయన ఏడోది ఒకటి చెప్పేవారు. "ఎవరు చెప్పారు?" ప్రతి వాక్యం కింద ఎర్రపెన్నుతో గీసి, పక్కన "ఎవరు చెప్పారు?" అని రాసేవారు. ఎవరూ చెప్పకుండా మేమే అనుకుని రాసిన వాక్యాన్ని కొట్టేసేవారు. అప్పుడు మాకు విసుగొచ్చేది. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో తరవాత తెలిసింది.

ఇక ఆ ఫైలు సంగతి.

పదమూడేళ్ల కిందట మిరప కోతలప్పుడు మా కాలనీ నుంచి పది పదిహేను మంది కోతలకి పోయారు. మన వాళ్లు ఎట్లా పోతారో మీకు తెలుసు. మేస్త్రీ వచ్చి ముందే బయానా ఇస్తాడు. ట్రాక్టరు వస్తుంది. బియ్యం, గిన్నెలు, పిల్లలు, కోళ్లు అన్నీ ఎక్కిస్తారు. గుంటూరు వైపు ఏదో ఊరు. ఆ ఊరి పేరు మేస్త్రీకి తెలుసు, పోయేవాళ్లకి తెలీదు. చేను పక్కన డేరాలు వేసుకుని నెలా రెండు నెలలు ఉంటారు. ఎండలో కాయ కోసి కోసి చేతులు మండిపోతే మజ్జిగలో ముంచుకుంటారు. మళ్లీ పొద్దున్నే చేలోకి.

ఆమెకి అప్పటికి పాతికేళ్లు దాటాయేమో. పుట్టిన తేదీ ఎక్కడా రాసిలేదు. మొగుడు అంతకు ముందే చనిపోయాడు. ఐదేళ్ల కొడుకుని అవ్వ దగ్గర వదిలి పోయింది. మూడో వారంలో ఒక సాయంత్రం నీళ్లకి పోయి డేరాకి తిరిగి రాలేదు. బిందె బోరు దగ్గర ఉంది. అంతే. అందరికీ తెలిసింది అంతవరకే.

అవ్వ ఇక్కడ స్టేషన్‌కి పోతే "తప్పిపోయింది అక్కడ, అక్కడే ఇయ్యి" అన్నారు. అక్కడికి పోతే "నీది ఏ ఊరు? మీ స్టేషన్‌లో ఇయ్యి" అన్నారు. అప్పుడు మనది ప్రకాశం జిల్లా, అది గుంటూరు జిల్లా. రెండు బస్సులు మారి పోవాలి. నాలుగు సార్లు తిరిగాక కాగితం తీసుకున్నారు. ఫొటో అడిగారు. ఆమెకి ఫొటో లేదు. రేషన్ కార్డు మీద ఇంటిల్లిపాదీ ఉన్న ఫొటో ఒక్కటే ఉంది. అందులో ఆమె ముఖం పెసరగింజంత. "ఎవడితోనో పోయి ఉంటదిలే, వారంలో వచ్చిద్ది" అన్నాడు అక్కడొక ఆయన.

ఆ రోజుల్లో ఇది ఒక వార్తగా వచ్చింది. నాలుగు లైన్లు. దాని సంగతి కాసేపాగి చెప్తాం.

మేము సార్ దగ్గర చేరేటప్పటికి ఈ కేసు పాతబడిపోయింది. కానీ ఆయన దగ్గర లావుపాటి నీలం ఫైలు ఉండేది. ప్రతి ఏడాదీ కోతల కాలంలో ఆయన ఆ ఊరు పోయేవారు. మేస్త్రీని కలిశారు. ట్రాక్టరు డ్రైవర్ని కలిశారు. ఆ ఏడు అక్కడ డేరాలు వేసిన మిగతా ముఠాలు ఏ ఊళ్ల నుంచి వచ్చాయో కనుక్కుని ఆ ఊళ్లకీ పోయారు. ఎవరు ఏం చెప్పారో తేదీ వేసి రాశారు. కొత్త ఏడు పోయి అదే మనిషిని అదే ప్రశ్న అడిగేవారు. జవాబు మారితే పక్కన చుక్క పెట్టేవారు.

ఆయన మాకు చెప్పిన ఒక విషయం మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. పేపర్లో 'అదృశ్యం' అని ఒక వార్త వస్తుంది. వేరే రోజు, వేరే పేజీలో 'గుర్తుతెలియని మృతదేహం' అని ఇంకో వార్త వస్తుంది. రెండూ ఒకే మనిషివి కావచ్చు. మొదటిది ఒక స్టేషన్ ఫైల్లో ఉంటుంది, రెండోది ఇంకో స్టేషన్లోనో, రైల్వే పోలీసుల దగ్గరో ఉంటుంది. రెండు ఫైళ్లూ కలవవు. కలపడానికి పూనుకునే మనిషి ఉండాలి. సార్ ఆ రెండో రకం వార్తలన్నీ కత్తిరించి దాచేవారు. ఒంటి మీద చీర రంగు, పచ్చబొట్టు, ఎత్తు చూసేవారు. ఆమెకి ఎడమ చేతి మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉంది. మూడు సార్లు అవ్వని తీసుకుని మార్చురీకి పోయారు. మూడు సార్లూ కాదు. కాదని తెలిసి తిరిగొచ్చేటప్పుడు అవ్వ బస్సులో ఏడ్చేది. సంతోషమో దుఃఖమో ఆమెకే తెలీదు అనేవారు సార్.

ఈ ఫైలు ముందు పెట్టుకునే ఆయన మాకు రాజన్ కథ చెప్పారు. కేరళ సంగతి. 1976 మార్చి 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, కాలికట్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివే రాజన్ని పోలీసులు తీసుకుపోయారు. మన వరంగల్లో ఉండేదే, అట్లాంటి కాలేజీ. కక్కయం అనే చోట క్యాంపులో పెట్టారు. మళ్లీ ఎవరికీ కనపడలేదు. తండ్రి ఈచ్చర వారియర్ హిందీ మాస్టారు. కనిపించిన ప్రతి అధికారికీ అర్జీ పెట్టుకున్నాడు. కోర్టుకి పోదామంటే దారి లేదు. ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్ అడిగే హక్కు లేదని ఆ ఏడాది ఏప్రిల్లో సుప్రీంకోర్టే చెప్పింది. 1977 మార్చిలో ఎమర్జెన్సీ పోయింది. వెంటనే ఆయన కేరళ హైకోర్టులో పిటిషన్ వేశాడు. ప్రభుత్వం అసలు అరెస్టే చేయలేదంది. కోర్టు నమ్మలేదు. ఎమర్జెన్సీలో హోంమంత్రిగా ఉన్న కరుణాకరన్ అప్పుడే ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ తీర్పుతో నెల తిరక్కుండానే రాజీనామా చేయాల్సి వచ్చింది. అంత పెద్ద కుర్చీ కదిలింది. రాజన్ శవం మాత్రం దొరకలేదు. ఆ తండ్రి తన జ్ఞాపకాలు పుస్తకంగా రాసి, 2006లో పోయాడు.

మేము అడిగాం. "అట్లాగే మనమూ హెబియస్ కార్పస్ వేద్దాం సార్." ఆయన అప్పటికే లాయర్ని అడిగి ఉన్నారు. "రాజన్ని ఎవరు తీసుకుపోయారో చూసిన సాక్షులున్నారు. మనిషి ఫలానా వాళ్ల నిర్బంధంలో ఉన్నాడు, తెచ్చి చూపించండి అని అడగడానికి ఆ రిట్టు. మనకి ఆమె ఎవరి దగ్గరుందో, అసలు ఎవరి దగ్గరన్నా ఉందో లేదో తెలీదు. ఊరికే తప్పిపోయిందంటే ఆ రిట్టు నిలబడదు" అన్నారు. "మరి ఆ కథ మాకెందుకు చెప్పారు?" అని మాలో ఒకడు కోపంగానే అడిగాడు. "ఆయన కాగితాలు పోగొట్టుకోలేదురా. దారి మూసి ఉన్నప్పుడు కూడా అర్జీలు పెడుతూనే ఉన్నాడు. తెరుచుకున్న రోజు ఆయన చేతిలో అన్నీ ఉన్నాయి" అన్నారు.

స్టూవర్టుపురం నుంచి వచ్చే మా ఇద్దరికి ఇంకో మాట చెప్పేవారు. మన ఊరి సంగతి మనకే సరిగా తెలీదని ఆయనకి బాధ. 1871లో తెల్లవాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మన మద్రాసు రాజ్యానికి కూడా వచ్చింది. తరవాత రెండు మూడేళ్లకే ఎరుకల కుటుంబాల్ని తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని స్టూవర్టు దొర పేరు దానికి పెట్టారు. పుట్టుకతోనే దొంగ అని రాసుకున్నారు. రోజూ హాజరు వేయించుకోవాలి. అడగకుండా ఊరు దాటకూడదు. 1952లో ఆ చట్టం పోయింది. పేరు పోలేదు. ఇప్పటికీ మా ఆధార్ మీద ఊరి పేరు చూసి అద్దెకి గది ఇవ్వనోళ్లున్నారు.

"చూడండ్రా విచిత్రం. మీ తాతల్ని రోజూ లెక్కపెట్టారు. ఒక్కడు తగ్గితే వెతికి పట్టుకొచ్చారు. ఇవాళ మీ మనిషి ఒకామె తగ్గితే లెక్కపెట్టే నాథుడు లేడు. దొంగ అన్నప్పుడు లెక్క కావాలి, తప్పిపోయింది అంటే లెక్క అక్కర్లేదు." ఆ రోజు మా ఇద్దరికీ అన్నం సయించలేదు.

ఇప్పుడు ఆ నాలుగు లైన్ల సంగతి.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం సార్ మాకు ఒక పని పెట్టారు. పాత పేపర్లు తిరగేసి 'అదృశ్యం' వార్తలు నోటుబుక్కులో ఎక్కించాలి. పేరు, వయసు, ఫొటో ఉందా లేదా, ఎవరు చెప్పారు, కారణం అని ఏం రాశారు. ఐదు గళ్లు. ఏ ఏడాది పేపర్లు చూడాలో ఆయనే చెప్పారు. తప్పిపోయినామె కొడుకు కూడా మాతోనే ఉన్నాడు. అప్పటికి పదో తరగతి.

రెండు గంటలు పోయాక మాకే తేడా కనపడింది. మగవాడు తప్పిపోతే 'అప్పుల బాధతో', 'మతిస్థిమితం లేక' అని ఉంది. ఆడమనిషి అయితే 'ప్రేమ వ్యవహారం', 'వివాహేతర సంబంధం'. 'ఎవరు చెప్పారు' గడిలో చాలా వాటికి రాయడానికి ఏమీ లేదు. 'తెలుస్తోంది', 'అనుమానిస్తున్నారు' అని ఉంది. ఎవరు అనుమానిస్తున్నారో లేదు.

అప్పుడు మాలో ఒకమ్మాయి ఒక వార్త పైకి చదివింది. మా మండలం పేరు, మా కాలనీ పేరు. కోతలకు వెళ్లిన వివాహిత అదృశ్యం. చివరి లైను: వివాహేతర సంబంధమే కారణమని తెలుస్తోంది. చదువుతూ ఉండగానే ఎవరి గురించో తెలిసి ఆగిపోయింది. అప్పటికే చివరికి వచ్చేసింది. ఆ పిల్లోడు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

సార్ కళ్లజోడు తీసి, "అది రాసింది నేనే" అన్నారు.

మేము ఎవ్వరం మాట్లాడలేదు. ఆయనే చెప్పారు. ఆ రోజు ఐదు వార్తలు పంపాలి. స్టేషన్‌కి ఫోన్ చేస్తే అవతలాయన చెప్పింది చెప్పినట్టు రాశారు. అవ్వ ఇల్లు ఆయన షాపు నుంచి సైకిల్ మీద పది నిమిషాలు. పోలేదు. విధవరాలిని 'వివాహిత' అని రాశారు. మొగుడే లేని మనిషికి వివాహేతర సంబంధం అంటగట్టారు. "ఆ లైను అచ్చయ్యాక ఇంక ఎవరూ వెతకలేదు. ఎందుకు వెతుకుతారు? ఎక్కడికి పోయిందో పేపర్లోనే రాశారుగా. స్టేషన్లో ఆయన కూడా ఆ క్లిప్పింగు చూపించి ఇదిగో పేపర్లో కూడా వచ్చింది అన్నాడంట. ఆయన చెప్తే నేను రాశా. నేను రాశానని ఆయన చూపించాడు" అన్నారు.

ఆ పిల్లోడు ఆ రోజు లేచి వెళ్లిపోయాడు. మూడు ఆదివారాలు రాలేదు. మేమూ రెండో ఆదివారం పోలేదు. నిజం చెప్పాలంటే మాకు చాలా కోపం వచ్చింది. మా మీద రాసేవాళ్లలో ఈయన వేరు అనుకున్నాం. చెప్పుల దగ్గర మా పక్కన నిలబడ్డ మనిషి, అంతకు ముందు మా మనిషిని అట్లా రాశాడా అనిపించింది. ఇన్నేళ్లూ చేసిందంతా పాపం కడుక్కోడానికేనా అని మాలో మేమే గట్టిగా వాదించుకున్నాం.

పిల్లోడు పోయి అవ్వకి చెప్పాడు. అవ్వ చేపల వల బాగుచేసుకుంటా, తల కూడా ఎత్తకుండా, "నాకు తెలుసు లేరా" అంది. వార్త వచ్చిన రెండో నెల్లోనే సార్ వాళ్లింటికి వచ్చారంట. అరుగు మీద కూర్చుని, రాసింది చదివి వినిపించి, తప్పు రాశానమ్మా అని చెప్పారంట. "ఆయన చెప్పకపోతే నాకేం తెలిసిద్ది? నాకు చదువొచ్చా? చెప్పి పోతాడు, ఇంక రాడు అనుకున్నా. మళ్లీ వచ్చాడు. ఏడాదేడాదికీ వచ్చాడు. తిట్టాలనుకున్నప్పుడు తిట్టా. మార్చురీకి తోడు వచ్చింది ఇంకెవరు?" అంది.

నాలుగో ఆదివారం పిల్లోడు వచ్చాడు. వచ్చి ఫైలు అడిగాడు. సార్ ఇచ్చేశారు. మొదటి పేజీలో ఆ నాలుగు లైన్ల క్లిప్పింగే అంటించి ఉంది. చివరి లైను కింద ఎర్ర గీత. పక్కన "ఎవరు చెప్పారు?"

ఆ తప్పు సరిదిద్దుతూ ఒక వార్త వేయమని ఆయన డెస్కుని అడిగారంట. పాత వార్త, వదిలెయ్ అన్నారంట. అప్పటి నుంచి ప్రతి కోతల కాలంలో 'ఇంకా దొరకలేదు' అని ఒక వార్త పంపేవారు. కొన్నేళ్లు వేశారు, కొన్నేళ్లు లేదు. వేయని ఏడు చేతి డబ్బు పెట్టి చిన్న ప్రకటన వేయించారు. రేషన్ కార్డు ఫొటోని ఆయన షాపులోనే పెద్దది చేసి చేసి, ముఖం గళ్లు గళ్లుగా విడిపోతే, మళ్లీ కొంచెం తగ్గించి వేయించారు.

సమాచార హక్కు చట్టం కింద కూడా అడిగారు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. రాలేదు, అప్పీలు వేశారు. చివరికి ఒక పేజీ వచ్చింది. జాడ తెలియనందున కేసు మూసివేశాం అని. మూసి అప్పటికి ఎన్నో ఏళ్లు. దర్యాప్తు ముగిస్తే ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి చెప్పాలని చట్టంలోనే ఉంది. అవ్వకి ఎవరూ చెప్పలేదు. ఇంతలో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పదమూడు ఇరవై ఆరయ్యాయి. వేటపాలెం బాపట్ల జిల్లాలోకి వచ్చింది, ఆ మిరప చేను ఉన్న ఊరు పల్నాడులోకి పోయింది. పాత ఆఫీసులో అడిగితే కొత్త ఆఫీసు, కొత్త ఆఫీసులో అడిగితే పాత రికార్డులు రాలేదు. సార్ నవ్వేవారు. "ఆమె ఒక్కతే కాదురా, ఆమె ఫైలు కూడా తప్పిపోయింది" అని.

ఇంకో చిక్కు. ఏడేళ్లు ఒక మనిషి జాడ తెలియకపోతే చనిపోయినట్టు భావించొచ్చని సాక్ష్య చట్టంలో ఉంది. పాత చట్టంలో 108వ సెక్షను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 111. కోర్టుకి పోయి డిక్లరేషన్ తెచ్చుకుంటే మరణ ధ్రువీకరణ పత్రం వస్తుంది. అది ఉంటే పిల్లోడికి తల్లీతండ్రీ లేని పిల్లలకి వచ్చేవి వస్తాయి. బంధువులందరూ చెయ్యమన్నారు. అవ్వ ఒప్పుకోలేదు. "నా కూతురు చచ్చిందని నేను వేలిముద్ర వెయ్యను" అంది. సార్ ఒత్తిడి చేయలేదు. పిల్లోడి ఫీజు ఆయన ఎక్కడి నుంచి కట్టారో మేము అడగలేదు. ఆయన పోయాక మేడమ్ గారిని చూస్తే అర్థమైంది.

పోయిన ఏడు సంక్రాంతి దాటిన వారానికి గుండెనొప్పితో సార్ పోయారు. పేపర్లో వార్త వచ్చింది. సెంటీమీటర్లలో కొలిచాం. ఏడు.

ఆ తరవాత నెలలో కోతలు. ఈసారి ఎవరు పోతారు అని ఎవరూ అడగలేదు. పొద్దున్నే మొదటి బస్సుకి ఆరుగురం స్టాపులో ఉన్నాం. ముసలి మేస్త్రీని కలిశాం. అవే ప్రశ్నలు అడిగి, తేదీ వేసి రాశాం. అదే బోరు దగ్గరికి పోయాం. కొత్తగా దొరికింది ఏమీ లేదు. పెద్ద మలుపు ఉంటుందని ఇంత దూరం చదివిన వాళ్లు మమ్మల్ని క్షమించండి. తిరిగొచ్చి 'ఇంకా దొరకలేదు' అని వార్త రాసి పంపాం. నాలుగు లైన్లు వేశారు. కారణం అనేది మేము రాయలేదు, మాకు తెలీదు కాబట్టి. అవ్వకి చదివి వినిపించాం. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు మీతో పని ఉంది.

మన మనిషి కనపడకపోతే ఇరవై నాలుగ్గంటలు ఆగమని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. అట్లాంటి నియమం లేదు. కాగ్నిజబుల్ నేరం జరిగినట్టు సమాచారం ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013 నవంబరులో చెప్పింది. పిల్లలు తప్పిపోతే ప్రతి ఫిర్యాదునీ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలని అదే ఏడాది మేలో ఇంకో తీర్పులో చెప్పింది. మా హద్దు కాదు అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టం, నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్లో నేరం ఎక్కడ జరిగినా తీసుకోవాలని రాసే ఉంది. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకుండా కదలొద్దు. పేపర్ వాళ్లు వస్తే 'ఎవరు చెప్పారు' అని మీరే అడగండి. ప్రతి కాగితం ఫొటో తీసి ముగ్గురి దగ్గర ఉంచండి.

ఇవన్నీ తప్పిపోయాక చేసేవి. అంతకు ముందు చేసేది ఒకటుంది. మేము ఈ సంక్రాంతికి మొదలుపెట్టాం. కోతలకి పోయే ప్రతి మనిషి ఫొటో విడిగా తీస్తున్నాం, ముఖం స్పష్టంగా. నోటుబుక్కులో పేరు, ఎత్తు, పచ్చబొట్టు, మేస్త్రీ పేరు, ఫోన్ నంబరు, ఏ మండలం ఏ ఊరు, ట్రాక్టరు నంబరు రాస్తున్నాం. వారానికోసారి ఫోన్ చేసి హాజరు వేస్తాం. ఈ హాజరు మన కోసం మనం వేసుకునేది. మొదట్లో మేస్త్రీలు కసురుకున్నారు. ఇప్పుడు ఊరి పేరు అడక్కముందే చెప్తున్నారు.

ఇప్పటికి నలభై రెండు పేర్లు ఎక్కాయి. మొదటి పేరు ఈ ఏడు పోయేవాళ్లది కాదు. ఆ గడి పిల్లోడే నింపాడు. ఎత్తు అవ్వని అడిగి రాశాడు. పచ్చబొట్టు, ఎడమ చెయ్యి, మూడు చుక్కలు. 'తిరిగి వచ్చిన తేదీ' అనే గడి ఖాళీగా వదిలాడు.

మీ కాలనీలో, మీ పేటలో ఎవరు ఎక్కడికి పోతున్నారో రాయడం ఈ వారమే మొదలుపెట్టండి. కోతలు దగ్గరపడ్డాయి.

ఇట్లు,
సార్ దగ్గర చదువుకున్న ఆరుగురం,
వేటపాలెం, స్టూవర్టుపురం.